మా ఇంటి దగ్గర తిరిగే ఈము పిల్లలు తొమ్మిదిలో ఏడే మిగిలాయి, ఒకటి కంచెలో ఇరుక్కుంది, ఏం చేయాలి?

కోబార్_కోడలు
న్యూ సౌత్ వేల్స్‌లో కోబార్ ఊరికి ముప్పై కిలోమీటర్ల అవతల ఒక గొర్రెల ఫామ్‌లో పాత ఇల్లు అద్దెకు తీసుకుని ఉంటున్నాం. మా ఆయనకు రాగి గనిలో ఉద్యోగం. ఎటు చూసినా ఎర్రమట్టి, ముల్గా చెట్లు. ఇరుగుపొరుగు అంటే గొర్రెలే. మూడు వారాల నుంచి ఒక పెద్ద ఈము తొమ్మిది పిల్లలను వెంటేసుకుని రోజూ పొద్దున ఏడింటికల్లా మా వాననీళ్ల ట్యాంకు దగ్గరికి వస్తోంది. ట్యాంకు కుళాయి కారి కారి కింద చిన్న గుంట పడింది, అక్కడ నీళ్లు తాగి పోతాయి. పిల్లలు నా మోకాలి ఎత్తు కూడా లేవు. ఒంటి పొడుగునా గోధుమ, మీగడ రంగు చారలు. మన ఉడుత గుర్తొస్తుంది.

గురువారం లెక్కపెడితే ఎనిమిది. ఇవాళ ఏడు. ఆ ఏడింటిలో ఒకటి మా పెరటి కంచె లోపల ఉండిపోయింది. ఎక్కడ దూరిందో మళ్లీ ఆ సందు దొరకడం లేదు దానికి. కంచె వెంబడి అటూ ఇటూ పరుగెడుతూ ఈల వేసినట్టు అరుస్తోంది. పెద్దది బయట నిలబడి గొంతులోంచి గుర్రుమంటోంది. మిగతా ఆరూ దాని కాళ్ల దగ్గరే.

మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. "ఆ తల్లి ఎంత చిక్కిపోయిందో చూడు, పచ్చి బాలింత" అని రోజూ మిగిలిన అన్నం పళ్లెంలో వేసి బయట పెడుతున్నారు. ఓనర్‌ను అడిగితే వాటి మానాన వాటిని వదిలేయమన్నాడు. మా ఆయనదీ అదే మాట. నాకేమో రాత్రంతా నిద్ర లేదు. ఆ పిల్లను చేత్తో పట్టుకుని బయట వదలొచ్చా? అన్నం పెట్టడం మంచిదేనా? పోయిన రెండూ ఏమై ఉంటాయి?

వీట్‌బెల్ట్_వాసు
చేత్తో పట్టుకోవద్దు. కంచెకు గేటు ఉంటే తీసేసి మీరు ఇంట్లోకి వెళ్లిపోండి. అంతే. దారి తెరిచి ఉంటే అదే వెతుక్కుంటుంది.

వాగా_వెట్
వాసు గారూ, ఒక్క నిమిషం. గొర్రెల ఫామ్‌లో గేటు ఎలా ఉందో అలాగే వదలడం మొదటి రూలు. మూసి ఉంటే మూసే ఉండాలి, తెరిచి ఉంటే తెరిచే ఉండాలి. ఈము పిల్ల కోసం గేటు తీస్తే అటు గొర్రెలు ఇటొచ్చి ఓనర్‌తో మాట పడాల్సి వస్తుంది. ముందు ఆయనకు ఫోన్ చేసి, ఆ గేటు అవతల మందేమైనా ఉందా అని అడగండి. నిజంగా దెబ్బ తగిలి, కాలు వేలాడుతుంటే అప్పుడు వైర్స్ వాళ్లకు చెప్పండి. ఈ రాష్ట్రంలో దెబ్బ తిన్న అడవి జంతువులను కాపాడే పని వాళ్లది, శిక్షణ ఉన్న మనుషులు ఉంటారు. పట్టుకుని ఇంట్లో పెంచుకోవడం మాత్రం చట్టం ఒప్పుకోదు. ఈము ఇక్కడ రక్షిత పక్షి.

వీట్‌బెల్ట్_వాసు
గేటు సంగతి కరెక్టే. మా దగ్గర గోధుమ చేలు కాబట్టి నాకు గొర్రెలు తట్టలేదు.

కోబార్_కోడలు
ఓనర్‌కు ఫోన్ చేశాను. పెరటి గేటు అవతలి పొలంలో ఇప్పుడు మంద లేదట, తీసి పెట్టుకోమన్నాడు. పిల్లకు దెబ్బలేమీ లేవు, బాగానే పరుగెడుతోంది. గేటు తీయడానికి వెళ్తే పెద్దది మెడ పైకి సాచి నా వైపు నాలుగడుగులు వేసింది. భయపడి వెనక్కి వచ్చేశాను.

డబ్బో_నర్సు
భయపడాల్సిందే అక్కా, అది బెదిరింపే. పెద్దదానికీ పిల్లకూ మధ్యలోకి మాత్రం ఎప్పుడూ వెళ్లకండి. ఈము కాలు ముందుకు విసురుతుంది, మూడు వేళ్లకూ గోళ్లు ఉంటాయి. ఇంటి చుట్టూ తిరిగి రెండో వైపు నుంచి వెళ్లి గేటు తీయండి. బాబు ఉంటే ఇంట్లోనే ఉంచండి.

ఇంకో మాట. అది తల్లి కాదు. తండ్రి.

కోబార్_కోడలు
తండ్రా!! మూడు వారాల నుంచి ఇంట్లో అందరం "అమ్మ వచ్చింది" అనే పిలుస్తున్నాం.

డబ్బో_నర్సు
ఈముల్లో పిల్లల పనంతా మగదే. ఆడది గుడ్లు పెట్టడం వరకే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా, అంటే ఇక్కడ చలి మొదలయ్యే రోజుల్లో పెడుతుంది. ముదురాకుపచ్చ గుడ్లు, ఒక్కోటి అరకిలో పైమాటే. అవి పెట్టాక చాలావరకు వెళ్లిపోతుంది, ఇంకో మగదానితో జత కట్టి మళ్లీ పెట్టినా పెడుతుంది. మగది ఆ గుడ్ల మీద కూర్చుంటుంది. ఎనిమిది వారాలు. ఆ ఎనిమిది వారాలూ దాదాపు తిండీ లేదు, నీళ్లూ లేవు. ముందు నెలల్లో ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే బతుకుతుంది. రోజుకు పదిసార్లు దాకా లేచి గుడ్లు తిప్పి మళ్లీ కూర్చుంటుంది. పిల్లలు బయటికి వచ్చేసరికి ఒంట్లో మూడో వంతు దాకా బరువు తగ్గిపోయి ఉంటుంది.

అందుకే మీ అత్తయ్య గారికి అది చిక్కి కనిపించింది. ఆవిడ చూపు కరెక్టు. బాలింత అన్న మాటా కరెక్టే, కాకపోతే మగ బాలింత. పిల్లలు గుడ్డు పగిలిన రెండు మూడు రోజులకే గూడు వదిలి నడుస్తాయి. తర్వాత కనీసం ఐదారు నెలలు, ఒక్కోసారి ఏడాది పైన కూడా తండ్రి వెంటే తిరుగుతాయి. ఆ రోజుల్లో ఆడ ఈము దగ్గరికి వచ్చినా తరిమేస్తుంది.

నేను డబ్బో నుంచి నింగన్ వైపు డ్యూటీకి వెళ్తూ సెప్టెంబరులో చాలా చూస్తాను. రోడ్డు పక్క ఒక్క చారల పిల్ల కనిపించినా బండి పూర్తిగా స్లో చేస్తాను. ఒకటి దాటిందంటే వెనకాల ఇంకో ఆరు ఉంటాయి.

బెండిగో_బాబాయ్
అన్నం గురించి ఎవరూ చెప్పలేదేం. మా మిత్రుల ఫామ్‌లో రోజూ రెండు గుప్పెళ్లు గోధుమలు వేస్తారు. ఆ ఈములు హాయిగా ఉన్నాయి, పిల్లలూ పెరిగాయి. పెద్దావిడ చేత్తో నాలుగు మెతుకులు పెడితే కొంపలు మునగవు. మన ఇళ్లల్లో కాకికి పెట్టకుండా తింటామా?

వాగా_వెట్
బాబాయ్ గారూ, కాకి వేరు, ఇది వేరు. నాలుగు మెతుకులు తింటే చచ్చిపోదు, నిజమే. తిండి కన్నా అలవాటే దాన్ని ఎక్కువ దెబ్బ తీస్తుంది. మనిషి దగ్గర తిండి ఉంటుందని పిల్లగా ఉన్నప్పుడే నేర్చుకుంటే పెద్దయ్యాక ప్రతి గుమ్మం ముందుకూ, ప్రతి కారు దగ్గరికీ వెళ్తుంది. ఈ గుమ్మంలో అత్తయ్య గారు ఉన్నారు. అవతలి గుమ్మంలో కుక్క ఉంటుంది. నలభై కిలోల పక్షి, మనిషంత ఎత్తు, తిండి కోసం మీద మీదకు వస్తే అప్పుడు అందరూ దాన్నే తప్పు పడతారు.

రెండోది, వాటికి మనం పెట్టాల్సిన అవసరమే లేదు. చినుకు పడ్డాక కోబార్ చుట్టుపక్కల లేత ఆకు, గింజ, మిడత, గొంగళిపురుగు అన్నీ ఉంటాయి. పెరిగే పిల్లలకు పురుగులో ఉండే బలం అన్నంలో ఎక్కడిది? అన్నంతో కడుపు నింపేస్తే ఆ పూట పురుగు ఏరుకోదు. పళ్లెంలో మిగిలిన మెతుకులకు రాత్రి నక్క వస్తుంది. నక్క ఒకసారి ఆ వాసన పట్టిందంటే పొద్దున ఆ చోటికి ఎవరొస్తారో చెప్పక్కర్లేదు.

బెండిగో_బాబాయ్
నక్క సంగతి నేను ఆలోచించలేదు. గోధుమల మాట మాత్రం నేను కళ్లారా చూసిందే.

కోబార్_కోడలు
నక్క అనేసరికి నాకు కాళ్లలో వణుకు వచ్చింది. పళ్లెం రాత్రంతా బయటే ఉంటుంది. అత్తయ్యకు మీ పోస్టు చదివి వినిపించాను. ఆవిడ మాట్లాడకుండా లేచి వెళ్లి పళ్లెం లోపల పెట్టేశారు.

గేటు తీశాను, ఇంటి వెనక నుంచి వెళ్లి. కిటికీలోంచి చూస్తున్నాను.

గన్నవరం_రైతు
నేను ఈ ఫోరంలో ఎప్పుడూ చదివి వెళ్లిపోవడమే, రాయడం ఇదే మొదలు. ఈము అన్న మాట కనిపించేసరికి ఆగలేకపోయాను.

2007లో మా పొలంలో రెండెకరాలకు కంచె వేసి పన్నెండు జతల ఈములు పెంచాను. అప్పట్లో మన జిల్లాల్లో ఎక్కడ చూసినా ఈము ఫామ్‌లే. నూనెకు, మాంసానికి, తోలుకు అన్నిటికీ గిరాకీ అన్నారు. పిల్లలు మేమే కొంటామని ఒక కంపెనీ వాళ్లు కాగితం రాసిచ్చారు. మొక్కజొన్న, సోయా చెక్క, తవుడు కలిపి దాణా పెట్టేవాళ్లం. మనకు అక్టోబరు నుంచి మార్చి దాకా గుడ్ల కాలం. సాయంత్రం ఐదున్నరకీ ఏడుకీ మధ్య పెట్టేది, మూడు రోజులకో గుడ్డు. చీకటి పడకముందే ఒకరు కర్రతో మగదాన్ని అవతలికి మళ్లిస్తే ఇంకొకరు గుడ్డు తీసేవాళ్లం. మర్నాడు హేచరీకి పంపేవాళ్లం. 52 రోజులకు పిల్ల.

ఆ పిల్లలను పొట్టు మీద కొత్త గోనెసంచులు పరిచి పెంచాలి. నున్నటి నేల అయితే కాళ్లు విడిపోయి జారిపోతాయి, ఇక ఆ పిల్ల లేవదు. మా ఆవిడ రాత్రి రెండుసార్లు లేచి గోనెలు సర్దేది. 2012లో రైతులను ముంచిన తమిళనాడు ఈము కంపెనీల గొడవ పేపర్లో వచ్చింది. మాకు కాగితం రాసిన వాళ్ల ఫోన్లు దానికి ముందే పలకడం మానేశాయి. దాణా ఖర్చు రోజూ ఉంది, కొనేవాడు లేడు. కొందరు పక్షులను రాత్రిపూట రోడ్డు మీద వదిలేశారు. నేను వదల్లేదు. ఉన్నన్నాళ్లు మేపాను, ఒక్కొక్కటే పోయాయి. అప్పు తీరడానికి ఆరేళ్లు పట్టింది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఐదేళ్లు ఈములతో ఉన్నాను గానీ మగది పిల్లలను వెంటేసుకుని నడవడం ఒక్కనాడు చూడలేదు. గుడ్డు ఎత్తుకొచ్చేశాక కూడా అది ఆ ఖాళీ చోటే చూస్తూ నిలబడేది. అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు మీ నర్సమ్మ రాసింది చదువుతుంటే తెలుస్తోంది.

డబ్బో_నర్సు
నర్సమ్మ అన్నందుకు సంతోషం రైతు గారూ. మీ పోస్టు రెండుసార్లు చదివాను.

నెల్లూరు_నాయుడు
మా మేనమామదీ ఇదే కథ. ఆయన షెడ్డు ఇప్పటికీ ఉంది, గడ్డివాము వేసుకుంటున్నారు. ఆడమగ పోల్చడానికి ఒంట్లో చిప్ పెట్టేవాళ్లు, దాన్ని చదివే మెషిన్ ఇంకా మా ఇంట్లో అటక మీద ఉంది.

వీట్‌బెల్ట్_వాసు
ఒక్క చిన్న సందేహం. నర్సు గారేమో ఎనిమిది వారాలు అన్నారు, అంటే 56 రోజులు. రైతు గారు 52 అంటున్నారు.

గన్నవరం_రైతు
మాది మెషిన్ లెక్క బాబూ. వేడి ఒకే తీరుగా ఉంటుంది. 52 దాటితే హేచరీ అబ్బాయి కంగారు పడేవాడు.

డబ్బో_నర్సు
గూట్లో చలి రాత్రులు ఉంటాయి, లేచి తిప్పే సమయం ఉంటుంది. పుస్తకాల్లో కూడా 56 అటూ ఇటూగానే చెప్తారు. రెండూ నిజమే.

కోబార్_కోడలు
కలిసిపోయింది!!!

గేటు తీశాక గంటన్నర పట్టింది. పిల్ల గేటు పక్క నుంచే నాలుగుసార్లు పరుగెత్తింది గానీ చూడలేదు. నాకు కిటికీలోంచి అరవాలనిపించింది. చివరికి తండ్రే గేటు ఎదురుగా వచ్చి మోకాళ్లు వెనక్కి మడిచి నేల మీద కూర్చున్నాడు. గుర్రుమనడం ఆపలేదు. పిల్ల ఆ గొంతు వచ్చే వైపు తిరిగి, ఒక్కసారిగా మెడ ముందుకు చాచి పరుగు. వచ్చీ రావడంతోనే ఈకల్లోకి తల దూర్చేసింది. మిగతా ఆరూ అప్పటికే లోపల ఉన్నాయి. బయటికి ఒట్టి కాళ్లే కనిపిస్తున్నాయి, సన్నగా పద్నాలుగు.

అత్తయ్య కళ్లు తుడుచుకున్నారు. "రెండు నెలలు ఉపోషం ఉన్నాడా వీడు" అని మూడుసార్లు అన్నారు.

వాగా_వెట్
చాలా సంతోషం. వెనక్కి మడిచిన ఆ కీలు మోకాలు కాదు, చీలమండ. మోకాలు పైన ఈకల్లో ఉంటుంది. ఇలాంటివి చెప్పకుండా ఉండలేను, ఏమనుకోవద్దు.

ఇప్పుడు కంచె చూడండి. గొర్రెల కంచెకు కింద చదరాలు చిన్నవి, పైకి పోయేకొద్దీ పెద్దవి. ఈ వయసు పిల్ల దూరగలదు. ఇంకో నెల పోతే దూరలేదు, అప్పుడు మధ్యలో ఇరుక్కుంటుంది. పెరటి గేటు ఎండాకాలం దాకా తీసే ఉంచుకోవచ్చా అని ఓనర్‌ను అడగండి.

కోబార్_కోడలు
అడుగుతాను. మరి పోయిన రెండూ?

డబ్బో_నర్సు
దాచి చెప్పడం నా చేత కాదు అక్కా. నక్క గానీ, గద్ద గానీ అయి ఉంటుంది. వెడ్జ్‌టెయిల్ అని ఇక్కడి పెద్ద గద్ద పిల్లలను ఎత్తుకుపోగలదు. నక్కలు తెల్లవాళ్లు తెచ్చి వదిలినవి, ఈము తండ్రికి రెండు కళ్లే ఉంటాయి, తొమ్మిది పిల్లలు నాలుగు దిక్కులా మేస్తుంటాయి. ఐదారు మిగిలినా అది గట్టి తండ్రి కిందే లెక్క.

మీ వల్ల పోలేదు. ఆ రెండూ పోయింది పళ్లెం వల్లే అని రాత్రి కూర్చుని ఏడవకండి.

కోబార్_కోడలు
అదే ఆలోచిస్తున్నాను, మీకెలా తెలిసింది.

వీట్‌బెల్ట్_వాసు
మీ ఓనర్ "వదిలేయండి" అన్నాడంటే మంచివాడే. మా పశ్చిమ ఆస్ట్రేలియాలో ఈము అంటే రైతుకు కోపం. కారణం లేకపోలేదు. 1932లో మా వైపే కాంపియన్ దగ్గర మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు ఇచ్చిన భూముల్లో గోధుమ వేశారు. ధర పడిపోయి వాళ్లు అసలే కుంగిపోయి ఉన్నారు. అప్పుడే ఇరవై వేల దాకా ఈములు నీళ్ల కోసం, తిండి కోసం చేలల్లో పడ్డాయి. తొక్కింది కొంత, తిన్నది కొంత, కంచెలకు కంతలు పెడితే ఆ కంతల్లోంచి కుందేళ్లు వచ్చి తిన్నది ఇంకొంత. మేజర్ మెరెడిత్ అనే ఆయన నాయకత్వంలో రెండు లూయిస్ మెషిన్ గన్లు, పది వేల తూటాలతో సైన్యాన్ని పంపారు. కాల్పులు మొదలవగానే ఈములు గుంపులు గుంపులుగా విడిపోయి తలో దిక్కూ పరుగెత్తాయి. డిసెంబరుకల్లా సైన్యం వెనక్కి వెళ్లిపోయింది.

అందరూ దీన్ని తమాషాగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ రైతుల మీదా జాలే, ఆ పక్షుల మీదా జాలే. ఈ గోధుమ చేలు రాకముందు వేల ఏళ్ల నుంచి ఆ దారి వాటిదే.

గన్నవరం_రైతు
యుద్ధం చేసొచ్చిన వాడికి పొలం ఇచ్చి, ధర లేకుండా చేసి, చివరికి పక్షి మీద కోపం తెప్పించారు. రైతు ఎక్కడైనా ఒకటే.

లాంగ్‌రీచ్_లక్ష్మి
ఇంత సీరియస్ చర్చలో ఒక మాట చెప్పి పోతాను. మా క్వీన్స్‌లాండ్‌లో యారకా అని చిన్న ఊరు ఉంది. అక్కడి హోటల్‌కు కెవిన్, కేరల్ అని రెండు ఈములు వచ్చేవి. మెట్లెక్కడం నేర్చుకుని లోపలికి వచ్చి టోస్టు ఎత్తుకుపోవడం, నేల పాడు చేయడం. 2020లో వాటికి లోపలికి ప్రవేశం లేదని గుమ్మానికి తాడు కట్టి బోర్డు పెట్టారు. వెట్ గారు చెప్పిన అలవాటు ఇదే.

బెండిగో_బాబాయ్
బోర్డు చదివి ఆగాయా?

లాంగ్‌రీచ్_లక్ష్మి
తాడు చూసి ఆగాయి బాబాయ్ 😄

వీట్‌బెల్ట్_వాసు
ఈములను దగ్గరికి రప్పించాలంటే తిండి అక్కర్లేదు. నేల మీద వెల్లకిలా పడుకుని కాళ్లు సైకిల్ తొక్కినట్టు ఆడించండి. ఇదేంటో చూద్దామని అవే వస్తాయి. ఇక్కడి ఆదిమవాసులు వేటలో ఇలాంటి ఉపాయాలే వాడేవాళ్లు. మా పిల్లలు ప్రతి ఆదివారం చేస్తారు.

డబ్బో_నర్సు
పిల్లల తండ్రి ముందు మాత్రం ఈ సైకిల్ తొక్కొద్దు అక్కా. ఒంటరిగా తిరిగే ఈములు కనిపిస్తే తొక్కండి.

చుక్కల_చంద్రం
ఈము నేల మీదే కాదు, ఆకాశంలో కూడా ఉంది. మీ కోబార్‌లో ఊరి దీపాలు ఉండవు కాబట్టి బాగా కనిపిస్తుంది. మనం చుక్కలు కలిపి బొమ్మ చూస్తాం. ఇక్కడి ఆదిమవాసులు పాలపుంతలో చుక్కలు లేని నల్లటి చోట్లను కలిపి చూస్తారు. సదరన్ క్రాస్ అనే శిలువ ఆకారపు చుక్కల గుంపు పక్కనే ఉన్న నల్లమచ్చ ఈము తల, అక్కడి నుంచి పాలపుంత మధ్యగా పోయే నల్లచార మెడ, ఒళ్లు. కమిలరోయి అనే ఆదిమవాసుల లెక్కలో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం అది కాళ్లు చాచి పరుగెడుతున్నట్టు ఉంటుంది, అంటే కింద ఈములు జత కట్టి గుడ్లు పెట్టే కాలం. జూన్, జూలై వచ్చేసరికి కాళ్లు కనిపించవు, కూర్చున్నట్టు ఉంటుంది. అంటే కింద మగది గుడ్ల మీద కూర్చుంది అని.

కోబార్_కోడలు
ఇది చదివి ఒళ్లు జలదరించింది. మొన్న ఆదివారం మా ఊరికి పశ్చిమాన మౌంట్ గ్రెన్‌ఫెల్ అని రాతిబొమ్మలు ఉన్న చోటికి వెళ్లాం. న్గియంపా వాంగైబాన్ ప్రజల స్థలం అది. రాతి మీద ఎర్రమట్టి రంగుతో మనుషులు, కంగారూలు, ఈములు. మా బాబు ఒక ఈమును చూపించి "నాన్న ఈము" అన్నాడు. ఇంట్లో ఇప్పుడు ఎవరూ అమ్మ అనడం లేదు.

కంచె తీగకు ఒక ఈక దొరికింది. మొదట రెండు ఈకలు అతుక్కున్నాయేమో అనుకున్నాను. ఒకే మొదలు నుంచి రెండు కాడలు, రెండూ ఒకే పొడుగు. ఈకలా గట్టిగా లేదు, వెంట్రుకల్లా వదులుగా వేలాడుతోంది. ఊదితే అటూ ఇటూ పోతుంది.

వాగా_వెట్
ఈము ఈక ఉండేదే అంత, జంట కాడలు. చూశాక దొరికిన చోటే వదిలేయండి.

కోబార్_కోడలు
అక్టోబరు రెండో వారం అప్‌డేట్. ఆరు రోజులు కనిపించలేదు. ఇవాళ పొద్దున వచ్చాయి. అత్తయ్య టీ గ్లాసుతో కిటికీ దగ్గర కూర్చుని లెక్కపెట్టి "ఎనిమిది" అన్నారు. నేను కాదు ఏడే అన్నాను. నాలుగుసార్లు లెక్కపెట్టాం. ఎనిమిదే! పోయినదాంట్లో ఒకటి తిరిగొచ్చిందా?

డబ్బో_నర్సు
ఎనిమిదోది మిగతా వాటికన్నా చిన్నగా ఉందా?

కోబార్_కోడలు
అవును. చారలు ఇంకా ముదురుగా ఉన్నాయి, పొట్టిగా ఉంది. ఎప్పుడూ వరసలో చివర.

డబ్బో_నర్సు
అయితే అది మీ పిల్ల కాదు. వేరే గుంపులోంచి తప్పిపోయి వచ్చింది. ఈము తండ్రులు తమ పిల్లలకన్నా పెద్దవాటిని రానివ్వవు గానీ చిన్నదైతే ఒక్కోసారి చేర్చుకుంటాయి. నేను పుస్తకంలో చదివాను, కళ్లారా చూడలేదు. మీ అదృష్టం.

బెండిగో_బాబాయ్
అత్తయ్య గారి లెక్కే నిలిచింది.

కోబార్_కోడలు
"పెంపుడు పిల్ల" అని పేరు కూడా పెట్టేశారు. పళ్లెం మాత్రం బయట పెట్టడం లేదు, టీ తాగుతూ చూడటమే. ఎండ ముదిరితే నీళ్లకు ఏం చేయాలి? జనవరిలో ఇక్కడ నలభై దాటుతుంది. ఇప్పుడు కుళాయి బాగు చేయించాలని మా ఆయన అంటున్నారు.

వాగా_వెట్
కుళాయి బాగు చేయించండి. గొర్రెల తొట్టి ఎలాగూ ఉంది, పెద్దవాటికి అది చాలు. తొట్టి గోడ ఎత్తుగా ఉంటే పిల్ల లోపల పడి పైకి రాలేదు, కాబట్టి ఓనర్ ఒప్పుకుంటే తొట్టి లోపల ఒక మూల రాళ్లు మెట్లలా పేర్చండి. బల్లులకూ పిట్టలకూ కూడా పనికొస్తుంది. ఇంటికి దూరంగా ఉన్న తొట్టి అయితే మరీ మంచిది.

వీట్‌బెల్ట్_వాసు
రాళ్లు అనగానే గుర్తొచ్చింది, ఈములు చిన్న చిన్న రాళ్లు మింగుతాయి. పళ్లు లేవు కదా, కడుపులో తిండి నూరడానికి. మెరిసేది ఏదైనా మింగేస్తాయి. పెరట్లో మేకులు, సీసా మూతలు ఉంటే ఏరేయండి. పాత ఫామ్ ఇల్లు అంటున్నారు కాబట్టి తప్పకుండా ఉంటాయి.

కోబార్_కోడలు
మంచి మాట చెప్పారు. నేనూ బాబూ ఒక బకెట్ నిండా ఏరాం. మేకులు, తీగ ముక్కలు, ఒక పాత తాళంచెవి.

గన్నవరం_రైతు
అమ్మాయీ, ఆ మగది పిల్లలను కింద వేసుకుని కూర్చున్నప్పుడు వీడియో ఏమైనా తీశావా? ఉంటే పెట్టు. దగ్గరికి వెళ్లి మాత్రం తీయొద్దు.

కోబార్_కోడలు
డిసెంబరు అప్‌డేట్. అత్తయ్య తెనాలి వెళ్లిపోయారు. గుంపు ఇప్పుడు నాలుగైదు రోజులకోసారి వస్తోంది. ఏడు ఉన్నాయి. పెద్ద పిల్లల చారలు చెరిగి ఒళ్లంతా బూడిద గోధుమ రంగుకు తిరిగింది. చివర నడిచే చిన్నదానికి మెడ మీద ఇంకా కాస్త చార ఉంది. పెరటి గేటు తీసే ఉంది, ఓనర్ ఏమీ అనలేదు.

రైతు గారూ, మొన్న చినుకులు పడుతుంటే కిటికీలోంచి ఫోన్‌తో తీశాను. అద్దం మీద నీటి చుక్కలు ఉన్నాయి, సర్దుకోండి. లింకు కింద పెట్టాను.

గన్నవరం_రైతు
చూశాను. చిన్నది చివర వచ్చి లోపల చోటు లేక బయట తడుస్తూ నిలబడితే, అది ఒళ్లు కాస్త పైకెత్తి పక్కకు జరిగి చోటిచ్చింది కదా, అక్కడ ఆపి మా ఆవిడను పిలిచి చూపించాను. ఆవిడ ఇంకోసారి పెట్టమంది. ఇంకా పొడుగుది ఉంటే అదీ పెట్టమ్మా.